పటకారు ఎవరి చేతికి?

మొన్న ఉగాదికి సలాలాలో మనవాళ్ళందరం కలుసుకున్నప్పుడు, స్వదేశం నుంచి బంధువుల ఇంటికి వచ్చివున్న ఒక దంతవైద్యులవారు మన కోరికమీద పళ్ళ సంరక్షణ గురించి అరగంటసేపు మాట్లాడారు. చక్కగా మాట్లాడారు. చివర ప్రశ్నలు అడగమంటే, రైసూత్ నుంచి వచ్చిన కుర్రవాడొకడు లేచి, "సార్, కొన్ని దేశాల్లో డెంటల్ థెరపిస్టులని వుంటారట, డాక్టర్లు కాకపోయినా పళ్ళకు వైద్యం చేస్తారట, ప్రభుత్వమే వాళ్ళకు లైసెన్సు ఇస్తుందట. మనకెందుకు లేరు?" అని అడిగాడు. డాక్టరుగారు నవ్వి, "సగం చదివినవాడి చేతికి పటకారు ఇస్తే సగం పన్నే పీకుతాడు నాయనా!" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాము. నేనూ కొట్టాను. మాట విరుపు బాగుందని కొట్టానేగాని, అది నిజమని కాదు. ఇంటికి వచ్చాక ఆ చప్పట్లు నాకే ఎబ్బెట్టుగా తోచాయి. కుర్రవాడు అడిగింది ఎగతాళికి కాదు. అతనికి జవాబు రాలేదు.

అతని సంగతి నాకు తెలుసు. పేరు చెప్పవద్దన్నాడు. ఊరు కనిగిరి వైపు, పని రైసూత్ పారిశ్రామికవాడలో. రెండేళ్ళ కిందట కింది దవడ పన్ను పుచ్చింది. మొదట్లో చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. ఆ దశలో చూపించుకుంటే పుచ్చినమేర తొలిచి సిమెంటు పెట్టి పంపేవాళ్ళు. చూపించుకోలేదు. రైసూత్ నుంచి సలాలా పదిహేను కిలోమీటర్లే, కాదనను. కాని డ్యూటీ దిగేసరికి పొద్దు వాలుతుంది, సెలవు రోజున బట్టలుతుక్కోవాలి, అన్నిటికీ మించి ఆ రియాళ్ళు ఇంటికి పంపవలసినవి. లవంగం పెట్టుకున్నాడు. నొప్పి మాత్రలు మింగాడు. పనిచేసేచోట ఒక దొఫారీ పెద్దాయన జాలిపడి లుబాన్ బంక ఇచ్చి నమలమన్నాడు. చిగుళ్ళకు మంచిదని ఇక్కడివాళ్ళ నమ్మకం. పుచ్చిన పంటికి అది మాత్రం ఏం చేస్తుంది? మూడు నెలలకు రాత్రిళ్ళు నిద్రలేని స్థితి వచ్చి క్లినిక్కుకు వెడితే, రూట్ కెనాలు చేసి పైన తొడుగు వెయ్యాలన్నారు. అంతా కలిపితే అతని నెల జీతంలో సగానికి పైన. "సెలవు మీద ఇంటికి పోయినప్పుడు చేయించుకుంటానులే" అని లేచి వచ్చేశాడు. ఈ మాట మనలో అనని వాళ్ళెవరు? మన గల్ఫువాళ్ళ పళ్ళన్నీ సెలవు కోసం కాచుకుని కూర్చున్నవే!

సెలవు దొరికింది. ఊరికి దగ్గరలో, మండల కేంద్రంలో, "డెంటల్ క్లినిక్" అని పెద్ద బోర్డు కనిపించింది. లోపలున్నాయన కట్టుడు పళ్ళు తయారు చేసేచోట కొన్నాళ్ళు పనిచేసి, చూచి నేర్చుకుని, వచ్చి దుకాణం తెరిచినవాడు. పటకారు పెట్టి లాగాడు. పైముక్క చేతికొచ్చింది, వేళ్ళు దవడలోనే వుండిపోయాయి. వారం తిరిగేసరికి ముఖం గుమ్మడికాయ అయింది. తర్వాత ఒంగోలులో ఆస్పత్రి మంచం మీద పన్నెండు రోజుల సెలవు ఖర్చయిపోయింది. సిమెంటుకు పేరుపడ్డ ఊళ్ళో బతుకుతూ, చిటికెడు సిమెంటు వేళకు పంట్లో పడక, పిల్లవాడు దవడదాకా తెచ్చుకున్నాడు.

ఇప్పుడు డాక్టరుగారి మాట మళ్ళీ వినండి. సగం చదివినవాడు సగం పన్ను పీకుతాడట! ఇక్కడ సగం పన్ను పీకినవాడు సగం చదివినవాడు కాడే! ఏమీ చదవనివాడు. అతనికి లైసెన్సు లేదు, రిజిస్టరులో పేరు లేదు, ఏ పని చెయ్యవచ్చో ఏది చెయ్యకూడదో ఎవరూ గీత గీయలేదు. గీత లేనివాడు దేనికైనా తెగిస్తాడు. డాక్టరుగారు భయపడుతున్నది రేపు రాబోయే థెరపిస్టును చూచి. మా కుర్రవాడి దవడ వాయించినవాడు నిన్నా వున్నాడు, ఇవాళా వున్నాడు. బోర్డు కూడా మార్చలేదు.

ఇంతకూ ఈ థెరపిస్టు ఎవరు? రెండు మూడేళ్ళు శిక్షణ పొంది, చట్టం రాసిచ్చిన కొద్దిపాటి పనులు మాత్రమే చేసే మనిషి. పళ్ళు పరీక్షించడం, గార తీయడం, తిమ్మిరి సూది వెయ్యడం, పుచ్చినమేర తొలిచి నింపడం, పాలపళ్ళు తీసెయ్యడం: ఇవీ పనులు. దేశాన్నిబట్టి జాబితా కొంచెం అటూ ఇటూ అవుతుంది. అడ్డం తిరిగిన జ్ఞానదంతం కోసి తీయడం, దవడ ఆపరేషన్లు, ఇవి అతని జోలికి రావు. అటువంటిది కనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపాలి. ఈ హద్దుకే లైసెన్సు అని పేరు. చాలామంది లైసెన్సు అంటే ఒక మనిషికి ఇచ్చే అధికారం అనుకుంటారు. నేను దాన్ని ఆ మనిషి మెడకు కట్టే తాడు అనుకుంటాను. తాడు కట్టనివాణ్ణి పట్టుకోవడం ఎట్లా?

ఇదేమీ కొత్త ఆలోచన కాదు, వందేళ్ళ పాతది. మొదటి ప్రపంచయుద్ధానికి సైనికుల్ని ఎంచబోయి, ఆ కుర్రవాళ్ళ నోళ్ళు చూచి న్యూజిలాండు ప్రభుత్వం హడలిపోయింది. 1921లో వెల్లింగ్టన్ లో, థామస్ హంటర్ అనే దంతవైద్యుడి ఆధ్వర్యాన, ఆడపిల్లలకు రెండేళ్ళ శిక్షణ మొదలుపెట్టి వాళ్ళను బడులకు పంపింది. బడి పళ్ళ నర్సులు అన్నారు వాళ్ళను. థెరపిస్టు అన్న పేరు తర్వాత వచ్చింది. పిల్లలు మాత్రం ఆ గదికి "హత్యల కొంప" అని పేరు పెట్టుకున్నారు! ఇది నేను దాచను. కాలితో తొక్కే మరతో పన్ను తొలిస్తే పిల్లలు ముద్దుపెట్టుకుంటారా? నింపనక్కరలేని పళ్ళు కూడా నింపేశారని తర్వాత కాలంలో విమర్శ వచ్చింది, విధానం మార్చుకున్నారు కూడా. కాని, బడికి వచ్చే పిల్లలందరికీ, కలిగినవాళ్ళనీ లేనివాళ్ళనీ చూడకుండా, వేళకు నోరు చూచే మనిషంటూ ఒకరున్నారు. మన బడుల్లో ఎవరున్నారు?

లైసెన్సు సంగతికి వస్తే న్యూజిలాండు చరిత్ర తమాషాగా వుంటుంది. దాదాపు ఎనభై ఏళ్ళపాటు ఈ నర్సులకు తమకంటూ ఒక రిజిస్టరు లేదు. ప్రభుత్వ ఉద్యోగంలో, డాక్టరు పర్యవేక్షణలో వున్నంతవరకే వాళ్ళు నర్సులు. గడప దాటితే ఎవరూ కారు. 2003లో ఆరోగ్య వృత్తులన్నిటికీ కలిపి చేసిన చట్టంతో వాళ్ళకూ రిజిస్ట్రేషను వచ్చింది. బ్రిటనులో 1960లో న్యూక్రాస్ అనేచోట శిక్షణ మొదలైంది. అయితే ప్రైవేటు క్లినిక్కుల్లో పనిచెయ్యనిచ్చింది 2002లో. డాక్టరు చీటీ లేకుండా రోగి నేరుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళవచ్చునన్నది 2013లో. అంటే తొందరపడి పగ్గాలు వదిలినవాళ్ళెవరూ లేరు. దశాబ్దాల తరబడి పని చూచి, ఒక్కొక్క మెలిక సడలించుకుంటూ వచ్చారు.

మనకు దగ్గరగా వుండే మలేషియా చూడండి. 1949లోనే పెనాంగులో ఈ నర్సుల శిక్షణాలయం పెట్టారు. పదిహేడేళ్ళలోపు పిల్లలకే, ప్రభుత్వ సేవలోనే వైద్యం చెయ్యాలని వాళ్ళకు హద్దు గీశారు. 2018లో చేసిన దంతవైద్య చట్టంతో అక్కడ థెరపిస్టులకు రిజిస్టరు ఏర్పడింది. కొబ్బరితోటల్లోకీ రబ్బరుతోటల్లోకీ కూలికి పోయిన మన తెలుగువాళ్ళ సంతానం ఆ దేశంలో తరతరాలుగా వుంది. వాళ్ళ పిల్లలకున్న వసతి, వాళ్ళ తాతలు విడిచిపెట్టి వచ్చిన ఊళ్ళలో వున్న పిల్లలకు లేదు.

అమెరికాలో మాత్రం పెద్ద పోరాటమే జరిగింది. అలాస్కాలో ఆదివాసుల పల్లెలున్నాయి. చిన్న విమానంలోనో పడవలోనో వెళ్ళాలి, మంచు పడితే అదీ లేదు. డాక్టరు ఏడాదికొకమారు వస్తే భాగ్యం. అక్కడి ఆదివాసుల ఆరోగ్య సంస్థలు తమ పిల్లలను కొందరిని న్యూజిలాండుకు పంపి థెరపిస్టులుగా తయారుచేయించాయి. వాళ్ళు తిరిగివచ్చి పని మొదలుపెట్టీ పెట్టగానే, 2006లో, దంతవైద్యుల సంఘంవారు కోర్టుకెక్కారు. ఆ పల్లెల్లో తాము కాపురముంటామని కోర్టుకు చెప్పారా అంటే, అదేం లేదు. మేమూ పోము, ఇంకొకరినీ పోనివ్వమన్నారు! 2007లో కోర్టు ఆ వాదం ఒప్పుకోలేదు. 2009లో మిన్నెసోటా రాష్ట్రం థెరపిస్టులకు లైసెన్సు ఇచ్చే చట్టం చేసింది. రాష్ట్రం తానుగా ఆ పని చేయడం ఆ దేశంలో అదే మొదలు. ఆ తర్వాత మెయిన్, వెర్మాంట్, మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. మిన్నెసోటా చట్టంలో ఒక ఏర్పాటు నాకు నచ్చింది. థెరపిస్టు ఒక దంతవైద్యుడితో రాతపూర్వకమైన ఒడంబడిక చేసుకోవాలి, ఏ పని ఎంతవరకు అన్నది అందులో వుండాలి, ఒక్క డాక్టరు అయిదుగురికి మించి థెరపిస్టులతో ఒడంబడిక పెట్టుకోరాదు. పై తరగతి థెరపిస్టు కావాలంటే రెండువేల గంటలు పనిచేసి వుండాలి. ఇవి "సగం చదువు" వాడికి పటకారు అప్పగించి కళ్ళు మూసుకునే షరతులేనా?

ఇక మన దేశం. 1948 మార్చిలో దంతవైద్యుల చట్టం వచ్చింది. దాని రిజిస్టరులో రెండు భాగాలు పెట్టారు. మొదటిది డిగ్రీ వున్నవాళ్ళకు. రెండవది డిగ్రీ లేకపోయినా అప్పటికి అయిదేళ్ళుగా అదే జీవనోపాధిగా పళ్ళ వైద్యం చేస్తున్నవాళ్ళకు. అవును, చదవనివాళ్ళకే! డాక్టరుగారి గురువుల తరంలో ఆ రెండవ భాగంవాళ్ళు వుండేవుంటారు. వాళ్ళను తరిమితే ఊళ్ళలో పన్ను చూచేవాడే వుండడనీ, పేరు రాసుకుని హద్దులోకి తెచ్చుకోవడమే మేలనీ ఆనాటి పెద్దలు అనుకున్నారు. నా దృష్టిలో అది మంచి పని. ఆ చట్టమే పళ్ళు శుభ్రం చేసే హైజీనిస్టుకూ, కట్టుడు పళ్ళు చేసే మెకానిక్కుకూ కూడా రిజిస్టర్లు పెట్టింది. అక్కడితో ఆగిపోయింది. గార తీసే హైజీనిస్టుకూ, అన్నీ చేసే డాక్టరుకూ మధ్య ఒక మెట్టు వుండాలని ఎవరికీ తోచలేదు, తోచినా పెట్టలేదు. మా కుర్రవాణ్ణి మింగింది ఆ లేని మెట్టే. రిజిస్టరులో పేరున్నట్టు అబద్ధం చెప్పుకున్నవాడికి ఆ చట్టం విధించిన శిక్ష ఏమిటో తెలుసా? మొదటి తప్పుకు అయిదువందల రూపాయలకు మించని జుల్మానా! ఒక పన్ను పీకిన డబ్బుతో తీరిపోతుంది. 2023లో పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టం చేసింది. అందులో డాక్టరుకు తోడుగా వుండేవాళ్ళ ప్రస్తావన వుంది. కాని డాక్టరు కుర్చీ పక్కన తోడు నిలబడడం వేరు, డాక్టరు లేని ఊళ్ళో తన పేరుతో, తన పరిధిలో, తన బాధ్యతమీద వైద్యం చేయడం వేరు.

ఈ కథ మనవాళ్ళు ఇదివరకే ఒకమారు చూచారు. పాతతరం వాళ్ళకు ఎల్.ఎం.పి. డాక్టర్లు జ్ఞాపకం వుండేవుంటారు. మెడికల్ స్కూల్లో నాలుగేళ్ళు చదివి, సంచి పట్టుకుని పల్లెల్లో తిరిగినవాళ్ళు. ఎం.బి.బి.ఎస్. కంటె తక్కువ చదువు. 1946లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన వేసిన కమిటీ, దేశానికంతటికీ ఒకే ప్రమాణం వుండాలి, ఈ తక్కువ చదువు వద్దు అన్నది. కమిటీలో ఆరుగురు మాత్రం ఒప్పుకోక తమ అసమ్మతి విడిగా రాశారు. వాళ్ళ మాట వినలేదు. ఆదర్శం గొప్పదే. ఫలితం? ఎల్.ఎం.పి. పోయాడు, పల్లెకు ఎం.బి.బి.ఎస్. రాలేదు, ఆర్.ఎం.పి. వచ్చాడు. ఆ మూడక్షరాలకు అర్థం రిజిస్టరయిన వైద్యుడని. రిజిస్టరు మొహం చూడనివాణ్ణే మన ఊళ్ళలో ఆ పేరుతో పిలుస్తాము! దశాబ్దాల పాటు వాళ్ళను దొంగవైద్యులని తిట్టి, చివరికి వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వకాలంలో వాళ్ళకే శిక్షణ ఇవ్వాలని బయలుదేరారు. నాలుగేళ్ళు చదివినవాణ్ణి చాలడని పంపేసి, ఏమీ చదవనివాడికి కొద్ది నెలలు చెప్పుకున్నాము. పళ్ళ వైద్యంలో కూడా అదే దారిన నడుస్తున్నాము.

డాక్టరుగారి వైపు నుంచి ఒక గట్టి వాదం వుంది. ఆరోజు ఆయన చెప్పలేదు గాని, ఆయన తరఫున నేనే చెపుతాను. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ డెంటల్ కాలేజీలు ఎన్నో వెలిశాయి. బి.డి.యస్. పాసయి పనిలేక, చాలీచాలని జీతానికి పెద్ద క్లినిక్కుల్లో చాకిరీ చేస్తున్న పిల్లలున్నారు. ఇంతమంది డాక్టర్లుండగా మళ్ళీ థెరపిస్టెందుకు? ముందు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఒక పళ్ళ డాక్టరును వెయ్యండి అంటే, నేను కాదనను. వెయ్యమనే అంటాను. వేశారా? ఉద్యోగం లేని డాక్టరు పట్నంలో వున్నాడు, పుచ్చిన పన్ను పల్లెలో వుంది. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తున్నారు. లక్షలు కట్టి అయిదేళ్ళు చదివిన పిల్ల, బడిపిల్లల పాలపళ్ళు చూస్తూ పల్లెలో వుండిపోవాలని మనం ఆశించడం కూడా న్యాయం కాదు. ఆ పల్లెలోనే పుట్టి, ఇంటరు పాసయి, రెండు మూడేళ్ళు శిక్షణ పొంది తిరిగివచ్చే పిల్ల అయితే వుంటుంది. ఆమె చేయగలిగినవి చేసి, చేయలేనివి పంపితే, పట్నంలో ఖాళీగా కూర్చున్న డాక్టరుగారికి రోగులు పెరుగుతారేగాని తరగరు. ఇది వాళ్ళకు ఎందుకు తోచదో నాకు తెలియదు.

ఇంకొకటి అంటారు: పేదవాడికి రెండోరకం వైద్యమా? ఈ మాట నన్ను నిజంగా ఇరుకున పెడుతుంది. మిన్నెసోటా చట్టం థెరపిస్టులు ముఖ్యంగా పేదవాళ్ళకూ, వైద్యం అందని ప్రాంతాలకూ పనిచెయ్యాలని రాసింది. ఉద్దేశం మంచిదే కావచ్చు గాని నాకు ఆ రాత నచ్చలేదు. థెరపిస్టు పెట్టే సిమెంటు మంచిదయితే డబ్బున్నవాడి పంటికీ మంచిదే. మంచిది కాకపోతే పేదవాడి పంట్లో మాత్రం ఎందుకు పెట్టాలి? న్యూజిలాండు పద్ధతే మేలు: అందరి పిల్లలకూ ఒకటే గది. ఇక పని నాణ్యం సంగతి: 2012లో పండితులు కొందరు కలిసి ప్రపంచంలోని పరిశోధనలన్నీ పోగుచేసి చూస్తే యాభైనాలుగు దేశాల్లో థెరపిస్టులున్నారని తేలింది. తమ హద్దులో వాళ్ళు చేసే పని డాక్టర్ల పనికి తీసిపోదని ఆ పరిశీలన చెప్పింది. దీనికి ఎదురు సాక్ష్యం వుంటే డాక్టరుగారు చూపించాలి. చమత్కారం సాక్ష్యం కాదు.

కనిగిరి పేరు ఎత్తాను కనుక ఒక ముక్క. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో వుండేవి. అక్కడి బావినీళ్ళలోని ఫ్లోరైడు మనుషుల ఎముకలనూ పళ్ళనూ పాడుచేస్తున్నదని 1937లోనే వైద్యశాస్త్రవేత్తలు రాశారు. ఆ తర్వాత నల్లగొండ సంగతి లోకమంతా ఎరుగును. ఆ ఊళ్ళ పిల్లల పళ్ళమీద గోధుమరంగు మచ్చలుంటాయి. అవి నీటివల్ల వచ్చిన మచ్చలా, పుప్పా అన్నది చూచి చెప్పడానికి మహా పాండిత్యం అక్కరలేదు, శిక్షణ పొందిన కన్ను కావాలి. అది లేకనే, ఏది చూచినా "పురుగు పట్టింది" అనడం, వాకుడు గింజల పొగ పట్టడం, సంతలో కూర్చున్నవాడు ఆసిడ్ రాసి తెల్లబరచడం. నీళ్ళను థెరపిస్టు బాగుచెయ్యలేడు, ఆ పని ప్రభుత్వానిది. కాని ఏ బడిలో ఎంతమందికి మచ్చలున్నాయో ఏటేటా కాగితంమీద పెట్టేవాళ్ళు ఒకరుంటే, నీళ్ళ సంగతి కూడా మరుగున పడదు.

మనం వుంటున్న దేశం ఈ విషయంలో ఏం చేస్తుందో మనలో ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళకు బాగా తెలుసు. 2019లో వచ్చిన 75వ నంబరు రాజశాసనం డాక్టర్లనూ, సహాయక వైద్యవృత్తులవాళ్ళనూ ఒకే చట్టం కిందికి తెచ్చింది. బయటినుంచి వచ్చిన నర్సయినా సరే, ఆమె సర్టిఫికెట్లు నిజమో కాదో చదివిన చోటినుంచే రాబట్టి, పరీక్ష పెట్టి, అప్పుడుగాని చెయ్యి వెయ్యనివ్వరు. మన ఆడపడుచులు ఆ కాగితాలకోసం నెలల తరబడి ఎంత అవస్థపడతారో నేను చూచాను, విసుక్కున్నాను కూడా. కాని ఆ విసుగు వెనుక ఒక నిశ్చింత వుంది: సలాలాలో నా నోట్లో చెయ్యి పెట్టిన మనిషి ఎవరో ప్రభుత్వానికి తెలుసు. మా ఊళ్ళో తెలియదు. థెరపిస్టుకు లైసెన్సు ఇమ్మని నేనడిగేది ఈ తరహాలోనే. డాక్టరు పేరు చాటున కాదు, ఆమె సొంత పేరుతో రిజిస్టరు వుండాలి. చెయ్యదగ్గ పనుల జాబితా తెలుగులో గోడకు వేలాడాలి, రోగి చదువుకోవాలి. హద్దు దాటితే పేరు కొట్టెయ్యాలి. ఇన్నేళ్ళకొకమారు మళ్ళీ పరీక్షించాలి. మొదట ప్రభుత్వ బడుల్లోనే పని ఇవ్వాలి. దుకాణాలు తెరవడం సంగతి పదేళ్ళ తర్వాత ఆలోచించవచ్చు.

డాక్టరుగారూ, ఈ పత్రిక మీ బంధువుల ఇంటికి వస్తుందని తెలుసు. జవాబు రాస్తే వచ్చే సంచికలో వేస్తామని సంపాదకులు అన్నారు. కుర్రవాడు వచ్చేనెల మళ్ళీ సెలవుమీద వెడుతున్నాడు. రెండోవైపు దవడ పన్ను చల్లనీళ్ళకు జివ్వుమంటున్నదట. ఈసారి ఆ బోర్డు చూచి లోపలికి పోవద్దు, తిన్నగా ఒంగోలు వెళ్ళు అని చెప్పాను. రెండు బస్సులు మారాలి, వెళ్ళినా ఆ పూట చూస్తారో లేదో అన్నాడు.